గూడు జారిన పిల్లకు దిక్కెవరు?

కింద చెరువు. చెరువులో చెట్లు. చెట్ల మీద గూళ్లు. ఒక్కో గూట్లో రెండో మూడో పిల్లలు. చలికాలం పొద్దున్నే నేలపట్టు చెరువు కట్ట మీదికి ఎక్కితే ముందుగా పలకరించేది ఆ పిల్లల గోలే. గూడబాతుల్లో పెద్దవి దాదాపు మూగజీవులు. గొంతంతా పిల్లలదే. వందల గూళ్లలోంచి ఒకేసారి ‘ఆకలి... ఆకలి’ అన్నట్టు గుర్రుమంటూ అరుస్తుంటే, పెళ్లివారి విడిదిలో చంటిపిల్లలంతా ఒక్కసారే లేచినట్టుంటుంది.

ఆ గోల మధ్యలో అప్పుడప్పుడు ఒక చప్పుడు... తపుక్కున! ఏదో గూట్లోంచి ఒక పిల్ల జారి నీళ్లలోనో బురదలోనో పడిందన్నమాట. మరుక్షణం పైన గోల మామూలే. తల్లి వస్తుంది, గూట్లో మిగిలిన పిల్లలకు మేత పెడుతుంది, మళ్లీ ఎగిరిపోతుంది. కింద పడినదాని వైపు రాదు. రాకపోవడం కఠినత్వం అనుకుంటాం. కానీ ఆ పక్షికి పిల్ల అంటే గూట్లో ఉన్నదే. ఐదారు కిలోల ఒళ్లు, చాపితే రెండున్నర మీటర్లకు చేరే రెక్కలు... కొమ్మ మీద దిగడానికే తంటాలు పడే ఆ పక్షి పొదల కిందికి దూరి పిల్లను ఎలా ఎత్తుకొస్తుంది? అందుకే గూడు జారిన పిల్లకు తల్లి ఉన్నా లేనట్టే. ఇక దానికి దిక్కు నీళ్లు, కుక్కలు, కాకులు, గద్దలు... లేదంటే మనిషి!

మరి ఆ మనిషి ఏం చేయాలి? ఎత్తుకోవాలా? మేత పెట్టాలా? పెడితే ఎన్నాళ్లు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే నెల్లూరు తీరం దగ్గరే మొదలుపెట్టాలి.

పురిటికి వచ్చే పక్షులు

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారిలో నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేట ఇంకా రాకముందే దొరవారిసత్రం వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే నేలపట్టు. పాత నెల్లూరు జిల్లాలోని ఊరు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కాగితాల మీద జిల్లా మారింది కానీ గూడబాతుల చిరునామా మారలేదు. 1976లో ఈ చెరువునూ చుట్టూ ఉన్న అడవినీ కలిపి పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు.

ఇక్కడి ప్రత్యేకత చెరువులోనే పెరిగే కడప చెట్లు. కడప అనగానే ఊరు గుర్తొస్తుంది, ఇది చెట్టు పేరు. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్టు. సీజన్లో ఎర్రటి పూలు జడగంటల్లా వేలాడతాయి. చుట్టూ నీళ్లు కాబట్టి పిల్లులూ కుక్కలూ తేలిగ్గా రాలేవు. పైన అల్లిబిల్లిగా కొమ్మలు, గూడు కట్టుకోవడానికి చదునైన చోటు. పక్షికి ఇంతకంటే మంచి పురిటిగది ఎక్కడ దొరుకుతుంది?

ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలకు చెరువు నిండగానే గూడబాతులు దిగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో సందడి మొదలవుతుంది. ఎండలు ముదిరేదాకా ఉంటుంది. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, రాత్రి కొంగలు... అందరూ ఒకే అపార్ట్‌మెంటులో అంతస్తులు పంచుకున్నట్టు కాపురాలు పెడతారు.

గూడబాతు ముక్కు కింద వేలాడే తోలు సంచిని చూస్తే, పాతకాలం రైతులు ఇద్దరు అటూ ఇటూ నిలబడి కాలువలోంచి పొలానికి నీళ్లు తోడిన ‘గూడ’ గుర్తొస్తుంది. ఆ సంచితో నీళ్లతోపాటు చేపలను తోడేసి, నీళ్లు వదిలేసి, చేపలను మింగేస్తుంది. పిల్లలకు మేత తెచ్చేది మాత్రం సంచిలో కాదు, కడుపులో! ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్ సరస్సుకో, చుట్టుపక్కల చెరువులకో వెళ్లి మేసి వస్తుంది. సగం అరిగిన చేపను కక్కి పెడుతుంది. పిల్ల కాస్త పెద్దదైతే, తలను తల్లి గొంతులోకే దూర్చి తినేస్తుంది. కొత్తవాళ్లు చూస్తే తల్లి పిల్లను మింగేస్తోందని హడలిపోతారు.

ఎందుకు పడతాయి?

గూడబాతు గుడ్లన్నీ ఒకేరోజు పెట్టదు. మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది. నెల రోజులకు పిల్లలు కూడా అదే వరుసలో ఒకటి ముందు, ఒకటి వెనక బయటికొస్తాయి. అంటే గూట్లో అన్న, తమ్ముడు ఉంటారు. తల్లి రాగానే పెద్దది ముందుకు దూకుతుంది. చిన్నది వెనకబడిపోతుంది. చెరువుల్లో చేప సమృద్ధిగా ఉన్న ఏడాది ఇద్దరికీ దక్కుతుంది. కరవు ఏడాది చిన్నదాని గతి అధోగతే. పెద్దది నెట్టేస్తే గూటి అంచు దాకా వస్తుంది. ఆపైన ఒక్క గాలి విసురు చాలు.

గాలికి ఇక్కడ కొదవ లేదు. గూడబాతులు గుడ్లు పెట్టే కాలం, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం ఒక్కటే. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ తుపాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను కుండపోతతో ముంచెత్తింది. ఈ తీరంలో గూళ్లు కట్టుకునే పక్షి ప్రతి ఏడూ ఇలాంటి జూదమే ఆడుతుంది.

మూడో కారణం మనం. పెద్దగా అరిచినా, టపాసులు కాల్చినా, ఫొటో కోసం చెట్ల దగ్గరికి వెళ్లినా గూళ్ల మీది పెద్ద పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. అంత భారీ పక్షి కంగారుగా రెక్కలు విదిల్చి లేస్తే కొమ్మ ఊగుతుంది, గూడు ఒరుగుతుంది. పిల్ల జారుతుంది. నీడ పట్టే తల్లి లేచిపోయాక, ఒంటి మీద బొచ్చయినా లేని పసికూన ఎండలో పది నిమిషాలు ఉండటమే గండం. ఆ సందులోనే కాకి వస్తుంది.

కన్నడ పల్లె నేర్పిన పాఠం

కింద పడిన గూడబాతు పిల్లను మనిషి పెంచి తిరిగి ఆకాశానికి అప్పగించవచ్చని చేసి చూపించిన ఊరు ఒకటుంది. కర్ణాటకలోని మండ్య జిల్లా, మద్దూరు తాలూకా, కొక్కరె బెళ్లూరు. అక్కడ చెరువు చెట్ల మీద కాదు, ఊళ్లో ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీద, రావిచెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పెరట్లో అమ్మ వంట చేస్తుంటే పైన పక్షి పిల్లలకు మేత పెడుతుంటుంది. అవి వస్తే ఊరికి మంచి జరుగుతుందని నమ్మకం. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు.

ఇళ్ల మధ్య చెట్లంటే కింద గట్టి నేల. పిల్ల పడితే కాలో రెక్కో విరగడం ఖాయం. 1990లలో మైసూరుకు చెందిన ప్రకృతి ప్రేమికుల సంఘం ఒకటి అక్కడ పని మొదలుపెట్టింది. ఊరివాళ్లతో కలిసి ‘హెజ్జార్లె బళగ’ ఏర్పడింది. కన్నడంలో హెజ్జార్లె అంటే గూడబాతు, బళగ అంటే బంధువర్గం. పేరులోనే ఉంది చుట్టరికం! పడిపోయిన పిల్లలను ఏరి, ఒక దడిలో ఉంచి, దెబ్బలకు మందు వేసి, చేపలు పెట్టి, ఎగరగలిగే వయసు వచ్చాక వదిలేయడం వాళ్ల పని. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు.

మన శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలో దీనికి ముందుమెట్టు ఒకటి వేశారు. పిల్ల పడ్డాక పెంచడం కంటే పడకుండా పట్టుకోవడం మేలు కదా! అందుకే అక్కడ గూళ్లున్న చెట్ల కింద వలలు కట్టారు. చేపలు పట్టే వలే... ఇక్కడ చేపలు తినే పక్షి పిల్లను కాపాడుతుంది.

జాలి చాలదు

పడిన పిల్లను చూడగానే ఎవరికైనా చేసే మొదటి పని ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లి పాలు పట్టడం. పిల్లను చంపడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు!

పక్షులు పాలు తాగి పెరిగే జీవులు కావు. పాలు వాటికి అరగవు. అన్నం, బ్రెడ్డు కూడా అంతే. పైగా గూడబాతుకు బయటికి కనిపించే ముక్కు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. ఊపిరి నోటితోనే పీల్చాలి. జాలిపడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పొడుస్తుందేమోనని ముక్కుకు తాడు కడితే ఊపిరే ఆగిపోతుంది. మంచి చేయబోయి ప్రాణం తీసినట్టవుతుంది.

తెలిసినవాళ్లు పెంచే పద్ధతి వేరు. ముందు వెచ్చదనం, తర్వాతే మేత. చల్లబడిపోయిన పిల్లకు మేత పెడితే అరగదు. ఒళ్లు వెచ్చబడి, తల నిలబెట్టగలిగాక తాజా చిన్న చేపలు పెడతారు. పసికూన అయితే మెత్తగా ముక్కలు చేసి, కాస్త పెద్దదైతే చేపను తల ముందుగా వచ్చేలా అందిస్తారు. అలా అయితేనే ముళ్లూ రెక్కలూ గొంతుకు అడ్డుపడవు. ఐసులో చాలాకాలం నిల్వ ఉన్న చేపలే పెడుతూ పోతే బి-1 విటమిన్ లోపించి పిల్ల నిలబడలేకపోతుంది. చేప ఎక్కడిదన్నదీ ముఖ్యమే. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని తేలింది. పెద్ద పక్షి ఒకటి రాలితే, దాని కోసం గూట్లో నోరు తెరుచుకుని ఎదురుచూసే పిల్లలకు మేత తెచ్చేవారు సగమైపోయినట్టే. తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి పెంచే జాతి ఇది.

వీటన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటుంది. దాన్ని ముద్దు చేయకూడదు! పేరు పెట్టి పిలవకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. ఒంటరిగా పెంచకూడదు. ఒంటరిగా, మనిషి చేతుల్లోనే పెరిగిన పిల్ల మనిషినే తన జాతి అనుకుంటుంది. పెద్దయ్యాక గుంపులో కలవదు. చేప కోసం చెరువు వైపు చూడదు, మనిషి చేతివైపు చూస్తుంది. అందుకే నాలుగైదు పిల్లలను ఒకే దడిలో, వీలైతే తోటి గూడబాతులు కనిపించే చోట ఉంచాలి. మనిషి వచ్చామా, మేత పెట్టామా, పోయామా అన్నట్టుండాలి. పిల్ల ఎగరడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఎండలు ముదిరి గుంపు వెళ్లిపోయేలోగా అది రెక్క విప్పాలి. ఆలస్యమైతే వెళ్లడానికి తోడుండదు.

ఇంటికి తీసుకెళ్లి పెంచుకుందామన్నా చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పిల్ల కనిపిస్తే చేయాల్సింది ఒక్కటే. చుట్టూ గుంపుగా చేరకుండా, కుక్కలను దగ్గరికి రానీయకుండా, కేంద్రం సిబ్బందికో దగ్గర్లోని అటవీశాఖ కార్యాలయానికో కబురు చేయాలి. వాళ్లు వచ్చేదాకా నీడపట్టున ఉంచితే చాలు.

అదే తీరం... ఇంకో తల్లి

నేలపట్టు నుంచి తూర్పుకు, సముద్రం దాకా వెళ్తే ఇంకో కథ ఉంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలోకి వస్తాయి. గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతాయి. పిల్లల మొహం ఏ తల్లీ చూడదు. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా ఆ గుడ్లను సేకరించి, దడి కట్టిన హేచరీల్లో మళ్లీ పూడ్చిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టే అవి ఆడవో మగవో తేలుతుంది. వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు.

ఇక్కడ పెంపకం నియమం పూర్తిగా తిరగబడుతుంది. తాబేలు పిల్లకు మేత పెట్టకూడదు. తొట్టిలో దాచకూడదు. పుట్టిన రాత్రే అలల దగ్గర వదిలేయాలి. సముద్రంలోకి మోసి వేయకూడదు, ఇసుక మీద దాన్నే నడవనివ్వాలి. గూడబాతు పిల్లకు నాలుగు నెలలు మేపాలి, తాబేలు పిల్లకు ఒక్క పూట కూడా మేపకూడదు. రెండు నియమాలూ చెప్పేది ఒకటే. పెంచడమంటే మన దగ్గర ఉంచుకోవడం కాదు, దాని ఇంటికి దాన్ని పంపడం.

ఇల్లంటూ ఉంటే కదా!

పంపడానికి ఇల్లుండాలి. గూడబాతు చరిత్ర చదివితే గుండె కలుక్కుమనేది ఇక్కడే. 1877లో బర్మాలోని సిట్టాంగ్ మైదానంలో ఓట్స్ అనే ఇంగ్లిషు పక్షి నిపుణుడు లెక్కకు అందనన్ని గూడబాతు గూళ్లు చూశాడు. మైళ్ల కొద్దీ అడవి నిండా గూళ్లే. 1930ల చివరికల్లా అక్కడ ఏమీ మిగల్లేదు. అంతదూరం ఎందుకు? మన కొల్లేరులోనే 1940లలో వేల పక్షులతో కళకళలాడిన గూడబాతుల స్థావరం, 1970ల నడుమకొచ్చేసరికి ఖాళీ అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత అదే కొల్లేరులోని ఆటపాకకు గూడబాతులు తిరిగొచ్చాయి. కానీ గూళ్లకు సరిపడా చెట్లు లేవు. అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీదే కాపురం పెట్టాయి. చెట్టు బదులు ఇనుము... పక్షి సర్దుకుపోయింది. మనమే ఆలోచించుకోవాలి!

అలాంటి సమయంలో నేలపట్టు లాంటి చోట్లు నిలబడటం వల్లే ఈ జాతి బతికి బట్టకట్టింది. ఒకప్పుడు మరింత ప్రమాదంలో ఉన్న ఈ పక్షిని 2007లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఒక మెట్టు పైకి, ‘ముప్పుకు చేరువలో’ ఉన్న జాబితాలోకి మార్చింది. ఊరిజనం వేటగాళ్లను రానివ్వకపోవడం అందులో పెద్ద పాలు. వాళ్లకు లాభమూ ఉంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే, ఎరువు కట్ట కొనకుండానే వచ్చినట్టు. పక్షికి చెరువు, చెరువుకు పక్షి, పొలానికి రెండూ.

కానీ కడప చెట్లు ముసలివవుతాయి, తుపానుకు ఒరుగుతాయి. వాటి స్థానంలో మొక్కలు నాటి, చెట్లయ్యేదాకా కాపాడాలి. పులికాట్‌ను సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సరస్సులోకి చేప రాదు. చేప రాకపోతే జాలరికీ లేదు, గూడబాతుకూ లేదు. అప్పుడు గూట్లో చిన్న పిల్ల అంచుకు జరుగుతుంది. కింద పడ్డ ఒక్క పిల్లను నాలుగు నెలలు సాకితే ఒక్క పక్షి బతుకుతుంది. ఒక ముఖద్వారంలో ఇసుక తీస్తే, చెరువులో వంద మొక్కలు నాటితే... ఎన్ని పిల్లలు అసలు కింద పడకుండా ఉంటాయో!

పిల్లాపాపలతో వెళ్తే...

నవంబరు నుంచి మార్చి దాకా నేలపట్టుకు మంచి సీజను. పొద్దున్నే లేదా సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. దొరవారిసత్రంలో రైల్వేస్టేషన్ ఉంది. సూళ్లూరుపేట, నాయుడుపేటల నుంచి రోడ్డు మార్గంలోనూ చేరుకోవచ్చు. బైనాక్యులర్స్ ఉంటే వాచ్‌టవర్ ఎక్కి గూట్లో పిల్లలను లెక్కపెట్టొచ్చు. అదే రోజు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీదుగా వెళ్తే పులికాట్‌లో ఫ్లెమింగోలనూ చూడొచ్చు. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్, కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. పాటలు, హారన్లు, టపాసులు వద్దు. పిల్లలకు ముందే చెప్పండి... ఇది జంతుప్రదర్శనశాల కాదు, పురిటిల్లు అని. పురిటింట్లో ఎలా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తామో, ఎలా గుసగుసగా మాట్లాడతామో అలాగే ఉండాలని. ఆ ఒక్క మాట వాళ్లు పాటిస్తే, ఆ పూట నేలపట్టులో ఒక గూడు తక్కువ ఊగుతుంది.